దుకాణం మూసేముందు దవాఖాన తెరవండి: కల్తీ కల్లు ఊళ్ల నుంచి ప్రభుత్వానికి బహిరంగ లేఖ

తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి, ఎక్సైజ్ శాఖ మంత్రి గారికి, రెండు శాఖల కమిషనర్లకు, జిల్లా కలెక్టర్లకు,

నమస్కారాలు.

మేము ఉమ్మడి నిజామాబాద్ జిల్లాలోని కొన్ని ఊళ్ల మహిళా సంఘాల సభ్యులం. మాలో ఎక్కువ మందిమి బీడీలు చుట్టి, కూలికి పోయి బతికేవాళ్లం. ఈ లేఖలోని సంగతులనే సోమవారం ప్రజావాణిలో అర్జీగా ఇచ్చాం. రసీదు చేతికిచ్చి, కాగితం వైద్య శాఖకు పంపామన్నారు. వైద్య శాఖ వాళ్లను అడిగితే కల్లు సంగతి ఎక్సైజ్ వాళ్లది అన్నారు. ఎక్సైజ్ వాళ్లను అడిగితే, మా పని దాడులు చేయడం, చేశాం కదమ్మా అన్నారు. ఎవరి మాట వాళ్లకు సరిగ్గానే ఉంది. రెండు శాఖలకూ మధ్య ఉన్న ఖాళీలో మాత్రం మా ఇళ్లలోని మనుషులు పడి ఉన్నారు. అందుకే ఈసారి అర్జీ రాయకుండా, అందరూ చదివేలా ఈ లేఖ రాస్తున్నాం.

కల్తీ కల్లు అంటే ఏమిటో మీకు చెప్పనక్కర్లేదు, కేసులు రాసేది మీరే. పట్నంలో ఉండి ఇది చదివేవాళ్ల కోసం కొంచెం చెబుతాం. చెట్టు మీంచి దించిన కల్లు ఎక్కువసేపు నిలవదు, పులిసిపోతుంది. ఈత చెట్లు, తాటి చెట్లు తగ్గిపోయాయి. తాగేవాళ్లు తగ్గలేదు. ఆ లోటు పూడ్చడానికి నీళ్లు, శాకరిన్ కలుపుతారు. మత్తు కోసం ఆల్ప్రాజోలం, డైజీపామ్, క్లోరల్ హైడ్రేట్ లాంటివి కలుపుతారు. ఆల్ప్రాజోలం అంటే టెన్షన్‌తో నిద్ర పట్టని వాళ్లకు డాక్టర్లు మిల్లీగ్రాములో పావు, అర చొప్పున రాసే మాత్ర. డాక్టరు చీటీ లేకుండా అమ్మడానికి వీల్లేదు. మత్తు పదార్థాల మీద ఉన్న ఎన్‌డీపీఎస్ చట్టం ప్రకారం ఇది 100 గ్రాములు దాటితే చాలు, వాణిజ్య పరిమాణం కింద పెద్ద కేసు. మీ దాడుల్లో ఇదే పొడి కిలోల లెక్కన పట్టుబడుతోందని పేపర్లలో చదువుతున్నాం. ఏ సీసాలో ఎంత పడిందో కలిపినవాడికే తెలియదు.

ఏళ్ల తరబడి రోజూ ఆ సీసాకు అలవాటు పడిన ఒంటికి అది ఒక్కసారిగా అందకపోతే ఒకటి రెండు రోజుల్లోనే చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి, నిద్ర ఉండదు. ఆ తర్వాత ఫిట్స్ రావచ్చు. లేని మనుషులు కనిపిస్తారు, లేని మాటలు వినిపిస్తాయి. బట్టలు పీక్కుంటారు, కన్న పిల్లలనే గుర్తుపట్టరు. రోజూ విస్కీ, బ్రాందీ తాగేవాళ్లు ఒక్కసారిగా మానేసినా ఇంచుమించు ఇంతే. వైద్యం అందకపోతే ప్రాణం పోతుంది.

దీనికి చికిత్స ఉంది. కల్లులో లెక్కాపత్రం లేకుండా కలుపుతున్నారే, ఆ జాతి మందునే డాక్టరు కొలత ప్రకారం ఇచ్చి, రోజుల మీద, వారాల మీద తగ్గించుకుంటూ వస్తారు. మద్యం అలవాటు ఉన్నవాళ్లకు దాంతోపాటు బీ1 విటమిన్ ఇంజెక్షన్ ఇస్తారు. ఇవేవీ ఖరీదైన మందులు కావు, కొత్తగా కనిపెట్టాల్సినవీ కావు. అయినా ఇవి మా ఊళ్లకు అందడం లేదు.

ఇది నిన్న మొన్న వచ్చిన సమస్య కూడా కాదు. 2015 సెప్టెంబరులో కల్తీ కల్లు మీద గట్టిగా దాడులు చేసినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ వైపు దవాఖానలు ఇలాంటి రోగులతో నిండిపోయాయి. ప్రాణాలూ పోయాయి. 2020 లాక్‌డౌన్‌లో మద్యం, కల్లు దుకాణాలు మూసేసరికి హైదరాబాద్‌లోని ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం ముందు జనం బారులు తీరారు. 2025 ఏప్రిల్‌లో కామారెడ్డి జిల్లా నస్రుల్లాబాద్, బీర్కూర్ మండలాల్లో కల్లు తాగినవాళ్లు పదుల సంఖ్యలో దవాఖాన పాలయ్యారు. అదే ఏడాది జూలైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు మనుషుల్ని చంపింది. పట్నంలో జరిగింది కాబట్టి ఆ చివరిదాని గురించి టీవీల్లో రోజుల తరబడి మాట్లాడారు.

ఒక మాట ముందే స్పష్టంగా చెబుతున్నాం. దాడులు ఆపమని మేం అడగడం లేదు. కల్తీ చేసేవాళ్లను వదలకండి. చెట్టెక్కి నిఖార్సయిన కల్లు దించే గీత కార్మికుడి పొట్ట కొట్టేది కూడా ఈ పొడి వ్యాపారమే. మా ఊళ్లలోని గౌడన్నలు చాలామంది ఈ మాట మాతో కలిసి చెబుతున్నారు. మేం అడిగేది ఒక్కటే. మీరు దుకాణం మూసే రోజున ఆ దుకాణం మీద ఆధారపడ్డ రోగులకు వైద్యం మొదలుపెట్టండి. దాడి ఎప్పుడు జరగబోతోందో ఎక్సైజ్ శాఖకు ముందే తెలుసు. ఆ తర్వాత రెండు మూడు రోజుల్లో ఎలాంటి రోగులు వస్తారో వైద్య శాఖకు తెలుసు. తెలిసిన ఈ రెండు సంగతులను కలిపి చూసేవాళ్లే లేరు.

మా ఊళ్లలో ఏం జరుగుతోందో వరుసగా చెబుతాం.

1. దాడి తర్వాత వచ్చే రాత్రులు. దుకాణానికి సీలు వేసి, నమూనాలు తీసుకుని జీపు వెళ్లిపోతుంది. పేపర్లో ఫోటో వస్తుంది. మర్నాటికి వాడకట్టులో నాలుగైదిళ్లలో వణుకు మొదలవుతుంది. పక్క ఊళ్లో దుకాణం ఉంటే అక్కడికి నడుస్తారు, బండ్లు మాట్లాడుకుని పోతారు. ఆ దుకాణమూ మూసి ఉంటే కథ మారుతుంది. మా వాడకట్టులో బీడీలు చుట్టే ఒక అక్క ఉంది. పొద్దంతా చాట ముందు కూర్చుని వెన్ను నొప్పితో లేచి, సాయంత్రం ఒక సీసా తాగి పడుకోవడం ఏళ్ల నాటి అలవాటు. దుకాణం మూసిన తర్వాత వచ్చిన రెండో రాత్రి ఆకు కత్తిరిస్తున్నట్టు గాల్లో చేతులాడించడం మొదలుపెట్టింది. తెల్లవారేలోపు ఫిట్స్ వచ్చాయి, నాలుక కొరుక్కుంది. ఇంట్లోవాళ్లు గాలి సోకిందనుకున్నారు. తాయెత్తు కట్టించి, మంచానికి చేతులు కట్టేశారు. 108 ఎక్కించేసరికి మధ్యాహ్నమైంది. మొదట తీసుకెళ్లిన దవాఖానలో ఇది మా వల్ల కాదని పెద్ద దవాఖానకు రాసిచ్చారు, అక్కడి నుంచి ఇంకో దవాఖానకు రాశారు. ఆమె బతికింది. అలా బతకనివాళ్లూ ఉన్నారు. వాళ్ల మరణాలు గుండెపోటు లెక్కలోకో, ఏ లెక్కలోకీ రాకుండానో పోయాయి.

2. ఆడవాళ్లు. తాగుడు మానిపించే కేంద్రం అనగానే అందరూ మగవాళ్ల గురించే ఆలోచిస్తారు. మా దగ్గర కల్లు ఆడవాళ్లు కూడా తాగుతారు. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు, పండగకూ పబ్బానికీ, నాట్లు వేసి వచ్చిన సాయంత్రానికీ అది మా అలవాటు. అలా తాగేవాళ్ల సీసాలోకి మత్తు మందు ఎవరు తెచ్చి పోశారన్నదే అసలు ప్రశ్న. ఇప్పుడు ఆ ఆడవాళ్లకు చికిత్స కావాలంటే చేర్చుకునే చోటు లేదు. మాకు తెలిసిన డీ-అడిక్షన్ కేంద్రాలన్నీ మగవాళ్లకే. చంటిపిల్ల తల్లి అయితే పిల్లను ఎవరి దగ్గర వదలాలి? సర్వే కాగితంలో ‘మీ ఇంట్లో ఎవరైనా తాగుతారా’ అనే ప్రశ్నకు ఆడదాని పేరు ఎవరూ చెప్పరు. అందుకే మీ లెక్కల్లో మేం లేం.

3. దూరం. ‘ఎర్రగడ్డకు తీసుకెళ్లండి’ అనే మాట మేం చాలాసార్లు విన్నాం. మాలో కొన్ని ఊళ్లకు ఎర్రగడ్డ 150 కిలోమీటర్ల పైనే. 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సులో టికెట్ లేదు, మంచిదే. కానీ చూపులు తేలేసి, కేకలు పెడుతున్న మనిషిని బస్సులో ఎలా తీసుకెళ్తాం? కండక్టరు ఎక్కించుకోడు, ఎక్కించుకున్నా పక్క సీటువాళ్లు కూర్చోనివ్వరు. కారు మాట్లాడుకోవాలంటే 2025-26లో ఉపాధి హామీ రోజు కూలీ 307 రూపాయలు. ఎన్ని రోజుల కూలీ అవుతుందో మీరే లెక్క వేయండి. రోగితో ఉండేవాళ్ల కూలీ కూడా పోతుంది. ఇంత కష్టపడి ఒకసారి తీసుకెళ్లినా, రెండు వారాలకు మళ్లీ రమ్మంటే ఎవరూ పోలేరు. తగ్గించుకుంటూ రావాల్సిన మందు సగంలో ఆగిపోతే మళ్లీ ఫిట్సే.

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఈ దూరం గురించే మాట్లాడింది. మద్యం, మత్తు పదార్థాల వల్ల వచ్చే మానసిక స్థితులు కూడా ఆ చట్టం కిందికి వస్తాయి. ఏ రోగీ వైద్యం కోసం దూరాలు తిరగాల్సిన అవసరం రాకూడదని, సేవలు నివాసానికి దగ్గర్లో ఉండాలని, మామూలు దవాఖానల్లోనే అన్ని స్థాయుల్లో కలిపి ఇవ్వాలని 18వ సెక్షన్‌లో రాసి ఉంది. మా పిల్లల్లో ఒకరు లా చదువుతూ ఈ సెక్షన్ చదివి వినిపించే దాకా అది మా హక్కు అని మాకు తెలియదు. దవాఖానలో చెప్పినవాళ్లూ లేరు.

4. రాత్రిపూట. ఫిట్స్ ఎక్కువగా రాత్రే వస్తున్నాయి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఆ వేళకు డాక్టరు ఉండరు. ఊళ్లో ఉండేది ఆర్‌ఎంపీ. ఆయన సెలైన్ ఎక్కిస్తాడు, ఎందుకంటే అడిగేది మేమే, బాటిల్ ఎక్కితే వైద్యం జరిగినట్టు ధైర్యం. బాగా తాగే అలవాటున్న మనిషికి బీ1 విటమిన్ ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడు దెబ్బతినే ప్రమాదం ఉందని తర్వాత ఒక డాక్టరమ్మ చెబితే తెలిసింది. ఆర్‌ఎంపీని తిట్టి లాభం లేదు. రాత్రి రెండు గంటలకు తలుపు కొడితే లేచేది ఆయనొక్కడే.

5. కల్లులో ఏం కలిసిందో డాక్టరుకు తెలియకపోవడం. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది. ఆల్ప్రాజోలం మానేయడం వల్ల వచ్చిన జబ్బుకు ఒక వైద్యం. క్లోరల్ హైడ్రేట్ ఎక్కువై స్పృహ తప్పితే ఇంకో వైద్యం; అలాంటి వాడికి మళ్లీ మత్తు ఇంజెక్షన్ ఇస్తే ఊపిరి ఆగిపోవచ్చు. ఎక్సైజ్ వాళ్లు తీసుకెళ్లిన నమూనాల ఫలితం కోర్టు కోసం వస్తుంది, ఫైల్లో ఉంటుంది. రోగిని చూస్తున్న డాక్టరు బల్ల మీదికి అది ఎప్పుడైనా వచ్చిందా?

6. ప్రైవేటు కేంద్రాలు. సర్కారు చోటు చూపకపోతే మనిషి ఎక్కడికి పోతాడు? ఊరు దాటి, రోడ్డు పక్కన బోర్డు పెట్టిన చోటుకు. నెలకు ఇంత అని ముందే కట్టించుకుంటారు. సంఘంలో లోను తీసి, పుస్తెలు కుదువపెట్టి కట్టినవాళ్లు మాలో ఉన్నారు. కొన్నిచోట్ల డాక్టరే ఉండడు. తలుపులకు తాళాలు, ఎదురు తిరిగితే దెబ్బలు. గొలుసులతో కట్టడాన్ని పైన చెప్పిన చట్టమే నిషేధించింది, రిజిస్ట్రేషన్ లేకుండా నడపకూడదనీ చెప్పింది. అందరూ ఇలాంటివాళ్లేనని మేం అనం. అయితే ఏది మంచిదో, ఏది కాదో తెలుసుకోవడానికి మా దగ్గర ఒక జాబితా కూడా లేదు.

7. కుర్రాళ్లు. కల్లు సంగతి పెద్దవాళ్లది, గంజాయి ఇప్పుడు ఇంటర్ పిల్లల దాకా వచ్చింది. తల్లిదండ్రులు దవాఖానకు తీసుకెళ్లాలంటేనే జంకుతున్నారు, పేరు రాసుకుంటే పోలీసులకు పోతుందేమోనని భయం. స్వచ్ఛందంగా చికిత్సకు వచ్చిన అలవాటుపరులకు ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఇచ్చే 64ఏ సెక్షన్ ఎన్‌డీపీఎస్ చట్టంలోనే ఉంది. ఊరూరా ‘డ్రగ్స్ వద్దు’ ర్యాలీ తీయించిన అధికారుల్లో ఒక్కరూ మైకులో ఈ మాట చెప్పలేదు.

కేంద్ర సామాజిక న్యాయ శాఖ 2019లో విడుదల చేసిన సర్వేలో ఒక లెక్క ఉంది: మద్యానికి బానిసైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందుతోంది. దవాఖానలో చేరి వైద్యం పొందేది 180 మందిలో ఒక్కరు. అది దేశం మొత్తం లెక్క, పట్నాలూ కలిపి. మా మండలాల్లో ఎంతో లెక్క తీస్తే మీకే తెలుస్తుంది.

డబ్బు లేదని మాత్రం దయచేసి అనకండి. రాష్ట్రంలో 2,620 మద్యం దుకాణాల కోసం 2025లో లాటరీ తీసినప్పుడు ఒక్కో దరఖాస్తుకు 3 లక్షల రూపాయలు, తిరిగి ఇవ్వని ఫీజు కట్టించుకున్నారు. దుకాణం వచ్చినా రాకపోయినా ఆ డబ్బు ప్రభుత్వానిదే. ఆ ఫీజులతోనే 2,800 కోట్ల రూపాయలకు పైగా వచ్చింది. ఇంకా ఒక్క సీసా అమ్మకముందే వచ్చిన సొమ్ము ఇది. అందులో తాగుడు జబ్బు వైద్యానికి పల్లెలకు ఎంత ఇస్తారో చెప్పండి.

మా డిమాండ్లు ఇవి.

ఒకటి: ఎక్సైజ్ శాఖ కల్లు దుకాణాల మీద పెద్దఎత్తున దాడులు చేసేటప్పుడు జిల్లా వైద్యాధికారికి ముందే తెలియజేయాలి. దాడి రహస్యం పోతుందంటే ఊరి పేరు చెప్పకండి. ఫలానా వారం ఫలానా డివిజన్‌లో పడకలు, మందులు సిద్ధంగా ఉంచమంటే చాలు. సీలు వేసిన రోజునే ఆ ఊళ్లో వైద్య శిబిరం మొదలు కావాలి, కనీసం పది రోజులు రాత్రింబగళ్లు నడవాలి. ఆశా కార్యకర్తలు, ఏఎన్‌ఎంలు ఇల్లిల్లూ తిరిగి వణుకు మొదలైనవాళ్లను అప్పుడే గుర్తించాలి. మా సంఘాల వాళ్లం వాళ్ల వెంట తిరుగుతాం.

రెండు: ప్రతి ఏరియా ఆసుపత్రిలో, సామాజిక ఆరోగ్య కేంద్రంలో ఈ రోగుల కోసం పడకలు కేటాయించాలి. వాటిలో ఆడవాళ్లకు వేరే గది ఉండాలి, చంటిపిల్లలతో ఉండనివ్వాలి.

మూడు: డైజీపామ్, లోరాజెపామ్, బీ1 విటమిన్ ఇంజెక్షన్లు ప్రాథమిక ఆరోగ్య కేంద్రం దాకా నిల్వ ఉండాలి. వాటిని ఎప్పుడు ఎంత ఇవ్వాలో, ఎవరికి ఇవ్వకూడదో అక్కడి డాక్టర్లకు, నర్సులకు శిక్షణ ఇవ్వాలి. అనుమానం వస్తే రాత్రయినా ఫోన్లో అడగడానికి ప్రతి జిల్లాకూ ఒక మానసిక వైద్యుడిని చూపాలి. మానసిక ఇబ్బందులకు ఫోన్లో సాయం చేసే 14416 టెలీమానస్ నంబరు ఉందని తెలుసు, అది మాలాంటి వాళ్ల కోసం. ఫిట్స్ రోగి ముందు నిలబడ్డ డ్యూటీ డాక్టరుకు వేరే సాయం కావాలి.

నాలుగు: మానసిక వైద్యుడు వారానికి ఒకసారి ఏరియా ఆసుపత్రికి రావాలి. ఆ ఊరి అంగడి రోజున రావాలి. అంగడికి ఎలాగూ వస్తాం, కూలీ పోదు, ఎందుకొచ్చావని ఎవరూ అడగరు. మందు వారం వారం తీసుకోవచ్చు. పల్లె దవాఖానల్లోని సిబ్బంది ఆ మందు అయిపోకుండా చూడాలి.

ఐదు: కల్లు నమూనాల పరీక్ష ఫలితం కోర్టుతోపాటు జిల్లా వైద్యాధికారికి కూడా వెంటనే పోవాలి.

ఆరు: జిల్లాలో రిజిస్ట్రేషన్ ఉన్న కేంద్రాల జాబితా, ఫీజులు, డాక్టరు ఎన్ని రోజులు ఉంటారన్న వివరాలు గ్రామ పంచాయతీ బోర్డు మీద పెట్టాలి. రిజిస్ట్రేషన్ లేనివాటిని మూసేటప్పుడు కూడా లోపలున్న రోగులను రోడ్డు మీద వదలకుండా సర్కారు దవాఖానకు మార్చాలి.

ఏడు: చికిత్సకు వచ్చినవాళ్ల పేర్లు పోలీసులకు పోవని ప్రతి దవాఖానలో తెలుగులో, ఉర్దూలో రాసి పెట్టాలి. తండాల్లో లంబాడీలో చెప్పించాలి.

డాక్టర్లకు, నర్సులకు కూడా ఒక మాట. మీ మీద పనిభారం ఎంతో చూస్తున్నాం. కానీ ‘తాగుబోతు కేసు’ అని స్ట్రెచర్ మీది మనిషి వినేలా అనకండి. ఆ మాట విని లేచి వెళ్లిపోయినవాళ్లు మళ్లీ దవాఖాన గడప తొక్కలేదు.

కలెక్టరు గారు ఈ నెల ముగిసేలోపు జిల్లా వైద్యాధికారిని, ఎక్సైజ్ అధికారిని ఒకే సమావేశానికి పిలవాలి. మా సంఘాల నుంచి ఇద్దరిని, గీత కార్మికుల నుంచి ఇద్దరిని కూర్చోబెట్టాలి. పైన రాసిన ఏడింటిలో ఏవి జిల్లాలోనే చేయగలరో, ఏవి హైదరాబాద్ నుంచి రావాలో, ఏది ఏ తేదీకి అవుతుందో కాగితం మీద రాసివ్వాలి. ఒకటో డిమాండుకు మాత్రం కొత్త జీవో, నిధులు ఏవీ అక్కర్లేదు. ఒక అధికారి ఇంకో అధికారికి ఫోన్ చేస్తే సరిపోతుంది. దాన్ని తర్వాతి దాడి నుంచే అమలు చేయాలని కోరుతున్నాం.

ఇట్లు,
ఉమ్మడి నిజామాబాద్ జిల్లా గ్రామాల మహిళా సంఘాల సభ్యులు